మేనత్త పోస్టు

కంచుమెట్ట ప్రభుత్వ ఆసుపత్రిలో మేనత్త ఉద్యోగం ఒకటి మంజూరయిందన్న సంగతి కొర్రా చిలకమ్మకు గేటు దాటేవరకు తెలియదు. తెలిసుంటే వెదురుగుడ నుంచి దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చేది. తెలియలేదు కాబట్టి ఆ పని ఆసుపత్రిలో మొదలుపెట్టింది.

నిజానికి ఆ ఉద్యోగం పుట్టింది ఆమె నోట్లోంచే. కిందటేడు వానలు వెలిశాక అధ్యయన బృందం ఒకటి జీపులో వెదురుగుడ వచ్చింది. కొండల్లో ఉండేవాళ్లు ఆసుపత్రికి ఎందుకు రారో కనుక్కోవడం వాళ్ల పని. గూడెంలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఆసుపత్రిలో ఏముంటే మీకు భయం లేకుండా ఉంటుందని అడిగారు. మిగతావాళ్లు కొంగులు నోట్లో పెట్టుకుని నవ్వారు. చిలకమ్మ చెప్పింది.

“మాకాడ కానుపైతే మేనత్త ఎనకాల కూకుంటాది. ఈపు ఆనించుకుని పట్టుకుంటాది. ఆసుపత్రిలోన మమ్మల్ని బయట నిలబెట్టీసి తలుపేసేస్తారు. లోపట పిల్ల ఏడుస్తాది, బయట మేం ఏడుస్తాం. ఆ తలుపు తీసీండి బాబూ, సాలు.”

వాళ్లు రాసుకున్నారు. ఆమె ఫొటో తీసుకున్నారు. పనసతొనలు తిని వెళ్లారు. ఆ మాట కొండ దిగి జిల్లాకు చేరి నివేదిక అయింది. రాజధానికి వెళ్లి విధానం అయింది. ఉత్తర్వుగా మారి మళ్లీ కొండ ఎక్కేసరికి అందులో మేనత్త మిగిలింది. తలుపు దారిలో ఎక్కడో జారిపోయింది.

ఉత్తర్వులో ఇలా ఉంది: “గిరిజన సముదాయములలో ప్రసవ సమయమున మేనత్త సన్నిధి సాంస్కృతిక ఆవశ్యకత అని అధ్యయనమున తేలినందున, ప్రతి ఆసుపత్రియందు షిఫ్టుకొకరు చొప్పున మేనత్తలను ఔట్‌సోర్సింగ్ పద్ధతిపై నియమించవలెను. అర్హత: సామాజిక శాస్త్రములలో పీజీ. వయోపరిమితి: ముప్పది సంవత్సరములు. రోగితో బంధుత్వము గలవారు పక్షపాతమునకు లోనగు అవకాశమున్నందున ఈ ఉద్యోగమునకు అనర్హులు.”

అదొక్కటే కాదు. గిరిజనులకు సాంస్కృతికంగా సురక్షితమైన వైద్యం అందించాలన్నది ఉత్తర్వు లక్ష్యం. అందుకని కంచుమెట్ట ఆసుపత్రి శ్లాబు మీద గడ్డి కప్పారు. గడ్డిలో తేళ్లు చేరాయి. తేలు కుట్టినవాళ్లకు మందు కింద గదిలోనే దొరుకుతుంది కాబట్టి దాన్ని లోపంగా ఎవరూ లెక్కెయ్యలేదు. సెలైన్ స్టాండ్లకు వెదురు తొడిగారు. ఫ్యాను గిరిజన జీవన విధానంలో భాగం కాదని కానుపుల వార్డులో ఫ్యాన్లు విప్పేశారు. విప్పిన ఫ్యాన్లు సాంస్కృతిక భద్రతా నోడల్ అధికారి విశ్వనాథం గారి గదిలో తిరుగుతున్నాయి.

చిలకమ్మ ఆసుపత్రికి తీసుకొచ్చింది తన అన్న కూతురు సుమిత్రను. రెండో కానుపు. మొదటిది మైదానంలో పెద్దాసుపత్రిలో జరిగింది. అప్పుడు చిలకమ్మను బయట ఉంచి తలుపు వేశారు. లోపల ఆయా తొడ మీద కొట్టి, నోరు ముయ్యమంది. సుమిత్ర మూసుకుంది. బిడ్డతో ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు తెరవలేదు. ఈసారి ఆసుపత్రి మాట ఎత్తొద్దంది. కానీ కాళ్లు పొంగాయి. కళ్లకు మసకలు కమ్ముతున్నాయి. గూడేనికి వచ్చిన నర్సు బీపీ చూసి, ఇంట్లో కానుపైతే ఫిట్స్ వచ్చి తల్లి పోవచ్చని చెప్పింది.

సుమిత్ర రాత్రంతా ఆలోచించి పొద్దున్న చిలకమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“అత్తా, నా ఎనకాల నువ్వు కూకుంటానంటే వొస్తాను. తలుపేసి నిన్ను బయటికి గెంటినారంటే మాత్రం బల్ల దిగీసి నడుసుకుని వొచ్చీస్తాను. సస్తే ఇంటికాడ సస్తాను.”

“కూకుంటానే,” అంది చిలకమ్మ. “నన్ను గెంటినోడు ఇంకా పుట్నేదు.”

సుమిత్ర అన్న మాట చేసే మనిషి. చిలకమ్మకు భయమల్లా అదే.

నొప్పులు మొదలయ్యాక సుమిత్ర మొగుడు, గూడెం కుర్రాళ్లు కలిసి ఆమెను డోలీలో రోడ్డు దాకా మోశారు. మొగుడు పెద్దపిల్లను చూసుకోడానికి వెనక్కి వెళ్లిపోయాడు. అక్కణ్నుంచి అంబులెన్సు. పొద్దెక్కేసరికి ఆసుపత్రి గేటు దగ్గర దిగారు.

గేటు దగ్గర వాచ్‌మన్ అప్పన్న నిలబడి ఉన్నాడు. తలకు ఈకల పాగా, చేతిలో విల్లు, కాళ్లకు ఖాకీ ప్యాంటు. అప్పన్నది కొండ కింద చోడవరం వైపు ఊరు; చిలకమ్మకు సంతలో తెలిసినవాడే. ఈకలు మెడ మీద గుచ్చుకుంటుంటే గోక్కుంటున్నాడు.

“ఏటి అప్పన్నా, ఏ నాటకం?” అంది చిలకమ్మ.

“నాటకం కాదమ్మా, డ్యూటీ. ముందల సంస్కృతి కౌంటరు కాడికి ఎల్లండి. అక్కడ పాసైతేనే లోపటికి.”

సంస్కృతి కౌంటరులో విశ్వనాథం గారు కూర్చుని ఉన్నారు. సఫారీ చొక్కా మీద పూసలదండ వేసుకున్నారు. ఆయన పశుసంవర్ధక శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. సాయంత్రం రాష్ట్రస్థాయి మదింపు బృందం వస్తోంది. వాళ్లు మార్కులు వేస్తే కంచుమెట్టకు ‘ఆదర్శ సాంస్కృతిక ఆసుపత్రి’ హోదా వస్తుంది, హోదా వస్తే ఆయనకు కొండ దిగే బదిలీ వస్తుంది. ఆయన సుమిత్రను ఆపాదమస్తకం చూశారు. సుమిత్ర నైటీ మీద తువ్వాలు వేసుకుని, పొట్ట కింద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

“ఇది మీ సంస్కృతి కాదు కదమ్మా,” అన్నారాయన.

“ఏది బాబూ?” అంది చిలకమ్మ.

“నైటీ.”

“నొప్పులకి బాగుంటాది బాబూ. సంతలోన కొన్నాం.”

“సౌకర్యం వేరు, సంస్కృతి వేరు. నైటీతో లోపలికి పంపిస్తే ఈమె సంస్కృతిని మేము గౌరవించలేదన్న మాట వస్తుంది. సాంస్కృతిక కిట్ ఇవ్వండి.”

కిట్‌లో మోకాళ్ల పైకి కట్టే ముతక చీర, పూసలు, నొక్కి పెట్టుకునే ముక్కుకమ్ములు ఉన్నాయి. చిలకమ్మ చీరను అటూ ఇటూ తిప్పి చూసింది.

“మా అమ్మమ్మ ఇలాటిది కట్టేది. నైలాను సీరలు వొచ్చిన ఏడాది దీన్ని తీసుకెళ్లి పొయ్యి తుడుసుకునే గుడ్డ సేసింది.”

“అదే మన దౌర్భాగ్యం,” అన్నారు విశ్వనాథం గారు.

సుమిత్రకు నొప్పి వచ్చింది. కౌంటరు చెక్క పట్టుకుని వంగింది. నొప్పి వదిలాక, నైటీ మీదనే ఆ చీర చుట్టేసుకుంది. ఫొటో తీశారు. ముక్కుకమ్మి జారి కింద పడితే మళ్లీ పెట్టి ఇంకోటి తీశారు.

“ఇప్పుడు వైద్య ప్రాధాన్య ప్రకటన. మొదటి ప్రాధాన్యం ఆకుమందు. కషాయం ఇప్పించమంటారా?”

“ఆకు మా ఇంటెనక ఉంది,” అంది సుమిత్ర. ఆసుపత్రిలో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. “ఆకుకోసమైతే ఇంతదూరం డోలీలోన ఎందుకొస్తాను? నాకు సూది ఎయ్యండి.”

“సూదా?” విశ్వనాథం గారు కలం కింద పెట్టారు. “చూడమ్మా, నీకు తెలియక అంటున్నావు. మీ పూర్వీకుల విజ్ఞానం ముందు ఈ సూదులు ఎంత? ఒకప్పుడు మీవాళ్లు ఒక్క సూది లేకుండా కాన్పులు చేసుకున్నారు.”

“సేసుకున్నారు బాబూ. మా అమ్మ అలగే సచ్చిపోనాది,” అంది చిలకమ్మ.

అప్పటికి డాక్టరు హారిక లోపల్నుంచి వచ్చింది. ఆసుపత్రి మొత్తానికి డాక్టరు ఆమె ఒక్కతే. సుమిత్ర కాళ్లు వేలితో నొక్కి చూసింది, గుంట పడి అలాగే ఉండిపోయింది. బీపీ చూసింది. ఎవరినీ ఏమీ అడగకుండా కౌంటరు దగ్గరే నిలబెట్టి సూది వేసింది.

“డాక్టరుగారూ, ప్రాధాన్యక్రమం దెబ్బతింటోంది,” అన్నారు విశ్వనాథం గారు.

“కషాయం నేను తాగుతాను, మార్కులకు లోటు రాకుండా. ముందు ఈవిణ్ని లోపలికి పంపండి.”

“పంపుదాం. స్వాగతం కాగానే.”

స్వాగతం ఉత్తర్వులో ఉంది. వచ్చిన ప్రతి గర్భిణికీ ధింసా నృత్యంతో స్వాగతం పలకాలి. ఆసుపత్రికి నర్తకులు మంజూరు కాలేదు కాబట్టి ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, ఎక్స్‌రే టెక్నీషియను కలిసి ఆడుతున్నారు. ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి ఎక్స్‌రేలు మధ్యాహ్నం తర్వాతే. డప్పు మొదలైంది. ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరుస కట్టారు. మధ్యలో సుమిత్రను నిలబెట్టారు. వరుస ఆమె చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది, రెండో తిరుగుడు మొదలుపెట్టింది.

“ఎంతసేపు?” అంది చిలకమ్మ.

“పూర్తి స్వాగతం అయ్యేదాకా. అర్ధాంతరంగా ఆపితే అవమానం.”

“ఎవులికి?”

“మీకే.”

చిలకమ్మ కొంగు నడుముకు బిగించి వరుస మొదటికి వెళ్లింది. వంటమనిషి చెయ్యి అందుకుంది. ధింసాలో ముందున్నవాళ్లు ఎటు పోతే వెనకవాళ్లు అటు పోవాలి. ఆమె గుండ్రంగా తిరగడం మానేసి, సుమిత్రను వరుసలోకి లాగి, మెట్లెక్కి, వరండా దాటి, ఓపీ గది పక్కనుంచి నడిచింది. వరుస అంతా అడుగు తప్పకుండా వెనకే వచ్చింది. డప్పువాడు కూడా వచ్చాడు. కట్టు కట్టించుకుంటున్న ముసలాయన ఒకాయన లేచి చివర్లో చేరాడు. వరుస కానుపు గది తలుపు ముందు ఆగింది.

అక్కడ తలుపు ఉంది. పెద్దాసుపత్రిలో ఉన్నటువంటిదే. పైన రాసి ఉంది: “సహాయకులకు ప్రవేశము లేదు.”

సుమిత్ర ఆ రాత చదివింది. చిలకమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“కంగారు పడకండి,” అన్నారు వెనక నుంచి వచ్చిన విశ్వనాథం గారు. ఆయనకు ఆయాసం వస్తోంది. “మేనత్త సదుపాయం ఉంది. ప్రభుత్వమే ఇస్తోంది. మేనత్తా! ఎక్కడమ్మా, మేనత్తా?”

పక్కగది నుంచి ఒక అమ్మాయి పరుగున వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, ముతక చీర, కింద స్పోర్ట్స్ బూట్లు. పేరు లాస్య. తెనాలి దగ్గర పల్లెటూరు.

“నమస్తే అండీ. నేను మీ అమ్మాయికి మేనత్తనండీ,” అంది చిలకమ్మతో.

“నువ్వా? మాయన్నకి నువ్వు సెల్లివి ఎప్పుడైనావు?”

“ఈ నెల ఫస్టు నుంచండీ.”

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. చిలకమ్మ లాస్యను చూసింది, సుమిత్రను చూసింది.

“సుమిత్రకన్నా సిన్నదానివి. నీకు పెళ్లైనాదేటి?”

“లేదండీ.”

“కానుపెప్పుడైనా సూసినావేటి?”

“వీడియోలో అండీ. శిక్షణలో.”

“బాబూ, పిల్ల మంచిదే. దీన్ని నేనేటీ అన్ను. దీనికి ఇంత తిండెట్టి కూకోబెట్టండి. నేను లోపటికి ఎల్తాను.”

“అలా కుదరదు,” అన్నారు విశ్వనాథం గారు. “మీరు రోగి బంధువులు.”

“మేనత్తంటే బంధువే కాదేటి?”

“సాధారణ జీవితంలో. ఆసుపత్రిలో మేనత్త అనేది ఒక సేవ. సేవకు బంధుత్వం అడ్డు.”

చిలకమ్మ డాక్టరు వైపు తిరిగింది. “అమ్మా, నువ్వు సెప్పు.”

“నాకే అభ్యంతరం లేదు. మీరుంటే నా పనే సులువు,” అంది హారిక. “కానీ ఈ తలుపు ఇప్పుడు నా చేతిలో లేదు, సాంస్కృతిక విభాగం కింద ఉంది. పోయిన వారం ఒకామె తల్లిని లోపలికి రానిచ్చానని నాకు మెమో ఇచ్చారు.” ఆమె సుమిత్ర భుజం మీద చెయ్యి వేసింది. “బీపీ తగ్గాలి. ముందు పడుకో అమ్మా. మిగతాది నేను మాట్లాడతాను.”

సుమిత్ర చిలకమ్మను చూసింది. “అత్తా, మాటిచ్చినావు.”

“ఎల్లవే. వొస్తాను. ఈ బాబుతోటి మాటాడి వొస్తాను.”

తలుపు వేశారు.

చిలకమ్మ తలుపుకు చెవి ఆనించింది. తలుపు పైసగం గాజు, గాజు మీద గిరిజన చిత్రం అంటించారు. చిత్రంలో ఆడవాళ్లు తలుపులు లేని ఇళ్లలో ఉన్నారు. లోపల మాటలు వినిపిస్తున్నాయి.

“సుమిత్ర గారూ, మీ బాధను నేను గౌరవిస్తున్నాను,” అంటోంది లాస్య.

“నడుం పట్టుకో.”

“తాకడం మా విధుల్లో లేదండీ. సన్నిధి మాత్రమే.”

“అయితే ఎందుకొచ్చినావు?”

“సన్నిధికండీ.” తర్వాత గొంతు తగ్గించి, “ఎక్కడ పట్టుకోవాలి? ఇక్కడా?”

“కింద. ఇంకా కింద. ఆ.”

చిలకమ్మ కొంచెం ఊపిరి పీల్చుకుంది. ఆ పిల్లకు చేతులున్నాయి. ఇంకాస్త నేర్పితే పనికొస్తుంది. ఈలోగా ఆమె విశ్వనాథం గారి మీద పడింది. ఆయన గదికి వెళ్తే గదికి వెళ్లింది, ఫ్యాను కింద నిలబడింది. ఆయన జిల్లాకు ఫోను చేసి, వయోపరిమితి, పీజీ, బంధుత్వం మూడూ సడలించే అధికారం ఇక్కడెవరికీ లేదని వాళ్లు చెప్పింది స్పీకరులో వినిపించారు.

మధ్యాహ్నం రెండయింది. కానుపు గది తలుపు తెరిచి లాస్య బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నా షిఫ్టు అయిపోయిందండీ. వేలిముద్ర వేసి వెళ్లిపోవాలి. లేకపోతే ఏజెన్సీవాళ్లు తీసేస్తారు.”

“రెండో షిఫ్టు మేనత్త ఏది?” అన్నారు విశ్వనాథం గారు.

“సెలవు పెట్టిందండీ.”

“మదింపు రోజున సెలవా! ఏం ముంచుకొచ్చిందట?”

“వాళ్లన్నయ్యగారి అమ్మాయి కాన్పండీ. మేనత్త దగ్గరుండాలని...”

విశ్వనాథం గారు నుదురు రుద్దుకున్నారు. “సొంత పనులు. ప్రభుత్వ మేనత్తలకు సొంత మేనకోడళ్లు ఉండకూడదని ఉత్తర్వులో రాయాల్సింది.” ఆయన అటూ ఇటూ చూశారు. సాయంత్రం బృందం వచ్చేసరికి మేనత్త పోస్టు ఖాళీగా ఉండకూడదు. పోస్టు ఖాళీగా ఉంటే ఎవరో ఒకరికి అదనపు బాధ్యత అప్పగించడం ఏ శాఖలోనైనా ఉన్నదే. పశుసంవర్ధక శాఖలో ఆయన రెండేళ్లు కోళ్ల పరిశోధనాధికారిగా అలాగే చేశారు.

“అప్పన్నా!”

అప్పన్న విల్లుతో వచ్చాడు.

“నీకు మేనత్తగా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తున్నాం. వెంటనే విధుల్లో చేరు.”

“అయ్యా, నాను మగోణ్ని.”

“నిన్ను శాశ్వతంగా ఎవరు వేస్తున్నారు? ఇన్‌ఛార్జి మాత్రమే.”

“నాకు సిగ్గయ్యా.”

“నాకు లేదా?” అన్నారు విశ్వనాథం గారు. “పో.”

అప్పన్న విల్లు బయట పెట్టాలో లోపలికి తీసుకెళ్లాలో అడిగాడు. యూనిఫారంలో భాగం కాబట్టి తీసుకెళ్లమన్నారు. అతను కళ్లు మూసుకుని, తలుపు తోసి, లోపలికి ఒక అడుగు వేసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

“ఏటమ్మా, బాగున్నావా?” అన్నాడు గోడతో.

లోపల బల్ల కిర్రుమంది. సుమిత్ర బయటికి నడిచి వచ్చింది. వెనక హారిక గ్లవుజులతో, ఆ వెనక సిస్టరు ట్రేతో వచ్చారు.

“సుమిత్రా, టైము లేదమ్మా, బిడ్డ దిగుతోంది,” అంది హారిక.

“తెల్సు.” సుమిత్ర ఎవరినీ చూడలేదు. వరండా గోడ పట్టుకుని నడుస్తోంది. “ఇంటికెల్లిపోతన్నాను.”

“సుమిత్రా! ఒలే, ఆగవే!” చిలకమ్మ పరిగెత్తింది. ఆ కాళ్లతో ఆ పిల్ల రోడ్డు దాకా కూడా వెళ్లలేదని ఆమెకు తెలుసు. సుమిత్రకూ తెలుసు. అయినా నడుస్తోంది.

ఆవరణ మధ్యలో ఒక గుడిసె ఉంది. మదింపు బృందానికి చూపించడానికి కట్టిన ప్రదర్శన కుటీరం. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు తెరిచి ఉంటుంది. ముందు గొలుసు. లోపల కొత్త చాప, వాసానికి వేలాడే తాడు, ఆ తాడు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్న ఆడమనిషి బొమ్మ. ఆమె వెనక, వీపు ఆనించుకుని పట్టుకున్న ఇంకో బొమ్మ. కింద పలక మీద: “సాంప్రదాయ ప్రసవము. వెనుక: మేనత్త. తాకరాదు.”

సుమిత్ర అక్కడ ఆగింది. నొప్పి వచ్చింది. గొలుసు పట్టుకుని నొప్పి పోయేదాకా బొమ్మలను చూస్తూ నిలబడింది.

“బొమ్మకైతే మేనత్తని లోపట కూకోబెట్టినారు,” అంది. “నాకేల పెట్టరు?”

విశ్వనాథం గారు వరండాలో ఉన్నారు. అప్పన్న మెట్ల మీద ఉన్నాడు. ఓపీ వరుసలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు.

చిలకమ్మ గొలుసు తప్పించింది. లోపలికి వెళ్లి, వెనక ఉన్న బొమ్మను నడుం పట్టుకుని లేపింది. లోపల గడ్డి కూరిన బొమ్మ, బరువు లేదు. తెచ్చి అప్పన్న చేతుల్లో పెట్టింది.

“ఇదిగో, నీలాగే ఇన్‌ఛార్జి. ఇద్దరూ బయట కూకోండి.”

ముందున్న బొమ్మను పక్కకు జరిపి, తను వెనక చతికిలబడి కాళ్లు చాపింది. సుమిత్ర ఆమె ముందు మోకాళ్ల మీద దిగి తాడు అందుకుంది. వీపు చిలకమ్మ గుండెకు ఆనింది. పొద్దున్నుంచి బిగబట్టిన ఒళ్లు ఒక్కసారిగా వదులై మీద వాలింది.

“ప్రదర్శన వస్తువులను కదపరాదు!” విశ్వనాథం గారు పరిగెత్తుకొచ్చారు. “డాక్టరుగారూ, మీరైనా చెప్పండి!”

హారిక గుడిసెను చూసింది, సుమిత్రను చూసింది.

“ఈ కుటీరం ఏ విభాగం కింద ఉంది?”

“ప్రచార విభాగం.”

“సహాయకులకు ప్రవేశం లేదని ఇక్కడ ఉందా?”

“ఇక్కడ ఎందుకుంటుంది? సందర్శకులకు ప్రవేశం ఉచితం.”

“అయితే ఈవిడ సందర్శకురాలు,” అంది హారిక. “నేను కూడా. సిస్టర్, చాప తీసెయ్, కొత్త షీటు వెయ్. ఇంకో సూది సిద్ధం చెయ్యి. ఎవరైనా అడ్డం నిలబడండి, తెర కావాలి.”

చీర ఒకటి విచ్చుకుని గుడిసె ముందు తెరగా నిలిచింది. లాస్య డ్యూటీలో కట్టుకున్న ముతక చీర. దాని ఒక కొస పట్టుకున్నది లాస్య. ఆమె వేలిముద్ర వేసేసి, పంజాబీ డ్రస్సు వేసుకుని, బస్సుకు వెళ్తూ ఆగింది. ఇంకో కొస వంటమనిషి పట్టుకుంది.

“నువ్వు డ్యూటీలో లేవు!” అన్నారు విశ్వనాథం గారు.

“అందుకే కదండీ పట్టుకున్నాను. డ్యూటీలో ఉంటే తాకకూడదు.”

తెర వెనక చిలకమ్మ గొంతు వినపడుతోంది. “అరువే. గట్టిగా అరువు. ఇక్కడ నోరు ముయ్యమనీవోళ్లు ఎవులూ నేరు. నీ పెద్దకూతురికి ఇనపడాల. ఇంకా అరువు.”

సుమిత్ర అరిచింది. పెద్దాసుపత్రిలో మింగినవన్నీ కలిపి అరిచింది. ఓపీ వరుసలో మగవాళ్లు నేల చూపులు చూశారు.

ఆ అరుపులోనే గేటులోకి మూడు కార్లు వచ్చాయి. మదింపు బృందం చెప్పిన టైముకన్నా ముందే వచ్చింది. బృందం అధిపతి గోవర్ధన్ గారు దిగి, గుమికూడిన జనాన్ని, గడ్డి బొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వాచ్‌మన్‌ను, తెరను చూశారు.

“ఏమిటిది?”

విశ్వనాథం గారి నోరు రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది. మూడోసారి ముప్పై ఏళ్ల సర్వీసు ఆదుకుంది.

“సజీవ ప్రదర్శన సార్.”

తెర వెనక పసిబిడ్డ ఏడుపు వినపడింది.

బృందం చప్పట్లు కొట్టింది. గోవర్ధన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఎన్నో జిల్లాలు చూశాను. అందరూ బొమ్మలు పెట్టి సరిపెడుతున్నారు. ఇంత సహజంగా ఎక్కడా లేదు. మేనత్త కూడా నిజంగా పెద్దావిడలా ఉంది, మంచి ఎంపిక. ఆవిణ్ని ఒకసారి పిలిపించండి.”

కాసేపటికి చిలకమ్మ తెర పక్కనుంచి బయటికొచ్చింది. మోచేతుల దాకా తడి. జాకెట్టు చిరిగింది. సుమిత్ర బీపీ దిగుతోందని, ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారని హారిక అప్పుడే చెప్పింది. చిలకమ్మ మొహాన చెమట తుడుచుకుంటూ ఈ పెద్దమనుషులు ఎవరా అన్నట్టు చూసింది.

“అద్భుతంగా చేశావమ్మా,” అన్నారు గోవర్ధన్ గారు. “మన జాబితాలో నీ పేరు లేదంటున్నారు. నిన్ను ఈ పనిలో ఎవరు పెట్టారు?”

“మాయన్న.”

“అన్న అనే కాంట్రాక్టరా?” ఆయన సహాయకుడి వైపు తిరిగారు. “చూశారా, స్థానిక కాంట్రాక్టర్లకు ఇస్తే పని ఎలా ఉంటుందో. విశ్వనాథం గారూ, ఆయన్ని పిలిపించండి. అన్ని ఆసుపత్రులకూ మేనత్తలను ఆయన ద్వారానే తీసుకుందాం. ఎక్కడుంటారమ్మా ఆయన?”

“ఎక్కడా నేడు బాబూ. సచ్చిపోయి నాలుగేళ్లైనాది.”

విశ్వనాథం గారు పూసలదండ సర్దుకున్నారు.

“చనిపోయాడా?” అన్నారు గోవర్ధన్ గారు. “మరి నీ కాంట్రాక్టు? నాలుగేళ్లుగా నిన్ను ఎవరు కొనసాగిస్తున్నారు?”

చిలకమ్మ నోరు తెరిచేలోగా తెర లోపల్నుంచి కేక వచ్చింది. గొంతు బొంగురుపోయింది, అయినా గేటు దాకా వినపడింది.

“అత్తా! ఎక్కడ సచ్చినావే? నా ఎనకాల్నుంచి ఎవుల్నడిగి లెగిసినావు? బేగి రా!”

“అదే బాబూ,” అంది చిలకమ్మ, తెర ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.